అన్న వంతు నడక

నూకరత్నం వరండాలో నడుస్తోంది. లోపల గదిలో ఆమె అన్న సన్యాసిరావు మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అతని కాళ్ల మీది దుప్పటి కూడా కదలడం లేదు. కానీ మంచం పక్కనున్న తెర మీద అతని గుండె వేగం డెబ్బై ఎనిమిది నుంచి ఎనభై నాలుక్కి, అక్కణ్నుంచి తొంభై రెండుకి చేరింది.

"ఒలే రత్నం, కాస్త నెమ్మదిగా నడవ్వే. నాకు ఆయాసం వస్తాది" అని సన్యాసిరావు మంచం మీంచి కేకేశాడు.

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. అందరికంటే ఎక్కువగా నవ్వింది డాక్టర్ హైమవతి. నవ్వుతూనే మొహం పక్కకి తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. పదకొండేళ్లు పట్టిన పని. మూడుసార్లు మూతపడబోయి బతికిన ప్రయోగశాల. ఇవాళ ఒక మనిషి వరండాలో నడుస్తుంటే గదిలో పడుకున్న మరో మనిషికి ఆయాసం వచ్చింది.

సన్యాసిరావు విశాఖ పోర్టులో ఇరవై ఎనిమిదేళ్లు క్రేన్ నడిపాడు. ఏడాదిన్నర కిందట గుండెపోటు వచ్చి, మనిషి దక్కాడు గానీ గుండె కండరం దెబ్బతింది. మామూలు గుండె కొట్టుకున్న ప్రతిసారీ తనలో నిండిన రక్తంలో నూటికి అరవై వంతుల దాకా బయటికి నెడుతుంది. అతనిది ఇరవై రెండు దగ్గర ఆగిపోయింది. స్నానాల గదికి వెళ్లి రావడానికి దారిలో రెండుసార్లు గోడ పట్టుకునేవాడు. ఇలాంటి గుండెకి మందులతో పాటు కొలత ప్రకారం నడక కూడా మేలు చేస్తుందని వైద్యులకి ఎప్పటినుంచో తెలుసు. చిక్కల్లా నడవాల్సినవాళ్లు నడవలేకపోవడమే. హైమవతి ఆ ముడిని మధ్యలో తెంపేసింది. నడక ఒకరిది, గుండె ఇంకొకరిది.

నడిచే మనిషి నడుముకి ఒక పట్టీ. నడవలేని మనిషి మెడ ఎముక కింద, చర్మం లోపల, పావలా బిళ్లంత యంత్రం. పట్టీ నడిచే కండరాల శ్రమని అడుగు అడుగునా చదివి పంపుతుంది. బిళ్ల దాన్ని అందుకుని, నడిచే కాళ్ల నుంచి గుండెకి వెళ్లాల్సిన కబుర్లన్నీ తనే పంపుతుంది. ఒళ్లు నడుస్తోందని నమ్మి గుండె పని మొదలుపెడుతుంది. మొదట్లో మనిషితో పని లేకుండా మోటారు తయారుచేసిన అడుగులు పంపి చూశారు. గుండె రెండు రోజుల్లో ఆ మోసం పసిగట్టేసింది. దానికి బతికున్న మనిషి అడుగే కావాలి, అదీ రక్తసంబంధం ఉన్నవాళ్లదైతే మరీ బాగా ఒప్పుకుంటోంది. అలా నలభై కుటుంబాల్లోంచి నలభై జంటలు దొరికాయి. వీళ్లది పదకొండో జంట.

నూకరత్నం లాంటి నడిచే మనిషి ఆ నలభైలో ఇంకొకరు లేరు. మల్కాపురంలో తెల్లారకముందే లేచి నూట ఇరవై ఇళ్లకి పాల ప్యాకెట్లు వేస్తుంది. నలభై ఎనిమిదేళ్లు. భర్త పోయాక అన్న ఇంటి పక్క వాటాలోకి వచ్చేసింది. వదిన అంతకుముందే పోయింది. ఒకరికొకరు తప్ప ఇద్దరికీ వేరే దిక్కు లేదు.

పట్టీలో ఆమెకి బాగా నచ్చిన సంగతి ఒకటుంది. అవతలి గుండె కబురు అందుకుంటున్నదీ లేనిదీ నడిచేవాళ్లకి తెలియాలని, అన్న గుండె కొట్టుకున్నప్పుడల్లా పట్టీ లోపలివైపు చిన్నగా అదిరేలా చేశారు. నూకరత్నానికి మొదట చక్కిలిగింత పుట్టింది. తర్వాత అలవాటైపోయింది. పాలు వేస్తూ వేస్తూ ఎవరింటి ముందో ఆగి, నడుం మీద చెయ్యి వేసుకుని, "మా అన్న లేచీసాడు" అని ఆ ఇంటివాళ్లకి చెప్పేది.

హైమవతికి నడక మీద అంత పట్టుదల ఎందుకో ప్రయోగశాలలో ఎవరికీ తెలియదు. ఆమె తండ్రికీ ఇదే జబ్బు. ఆ రోజుల్లో డాక్టరు ఆయన్ని కదలొద్దన్నాడు. పడక కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ల గ్లాసు కూడా చేతికందే దూరంలో పెట్టేవారు. ఆయన లేవబోతే కూర్చోమని కేకలెయ్యడం తొమ్మిదేళ్ల హైమవతి పని. ఆ పని చాలా శ్రద్ధగా చేసింది. ఏడాది తిరిగేసరికి ఆయన కాళ్లు పుల్లలైపోయాయి, ఆ కుర్చీలోనే పోయారు. పెద్దయి వైద్యం చదివాక ఆ కుర్చీ సంగతి ఆమెకి అర్థమైంది. అప్పట్నుంచీ ఎవరైనా ఒక రోగిని కూర్చోమంటే చాలు, ఆమెకి ఒళ్లు మండిపోయేది.

మూడు నెలలయ్యేసరికి సన్యాసిరావు గుండె ఇరవై రెండు నుంచి ముప్పై ఒకటికి వచ్చింది. సందు చివర టీ కొట్టుదాకా తన కాళ్లతో తనే వెళ్లి, అక్కడ బెంచీ మీద కూర్చుని, పోర్టు కబుర్లు చెప్పి, తిరిగొచ్చాడు. ఆ రోజు నూకరత్నం ప్రయోగశాలకి పూతరేకులు పట్టుకొచ్చింది. హైమవతి సంతోషం పట్టలేక ఒక కాగితం తీసి వాళ్లిద్దరికీ చూపించింది. అడుగున నూకరత్నం నడిచిన దూరం, పక్కన అన్న గుండె బలం. మధ్యలో చుక్కలు, చుక్కల మీదుగా ఏటవాలుగా పైకి పోతున్న గీత.

ఈ గీత ఇంకా పైకి పోతుందా అని నూకరత్నం అడిగింది.

"అది మీ కాళ్లలో ఉంది. మీరు ఎంత నడిస్తే ఆయనకంత మంచిది. నడిచేటప్పుడు మాత్రం పట్టీ తియ్యకండి" అంది హైమవతి.

ఆ చుక్కల్లో అన్నిటికంటే పెద్ద నడక గంటన్నర. దాని అవతల గీత ఎటు పోతుందో హైమవతికీ తెలియదు. తెలియదన్న సంగతి ఆమెకి తెలుసు. వైద్య పత్రికకి రాసే వ్యాసమైతే ఆ మాట అలా రాసేది కాదు. ఎదురుగా నవ్వు మొహాలు చూసి నోటికొచ్చినట్టు అనేసింది. నూకరత్నం ఆ కాగితం అడిగి తీసుకెళ్లి, ఇంట్లో సింహాద్రి అప్పన్న పటం పక్కన అంటించింది.

అక్కడ అంటించడానికి కారణం ఉంది. అన్నకి బిళ్ల పెట్టడానికి ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తున్నప్పుడు, అతను మళ్లీ తన కాళ్ల మీద నడిస్తే ఆషాఢ పున్నమికి గిరి ప్రదక్షిణ చేస్తానని ఆమె మొక్కుకుంది. విశాఖలో ఇది ఏటా జరిగేదే. సింహాచలం కొండ చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్లు, లక్షల మంది చెప్పుల్లేకుండా నడుస్తారు. తమ కోసం నడిచేవాళ్లకంటే అయినవాళ్ల కోసం నడిచేవాళ్లే ఎక్కువ. ఊళ్లో చంటిపిల్లల్నడిగినా చెప్తారు. హైమవతి పదహారేళ్లుగా ఆ ఊళ్లోనే ఉంటోంది. ఆ రోజు రోడ్లు మూసేస్తారని మాత్రమే గుర్తుపెట్టుకునేది.

పట్టీ విప్పి నడవాలా, ఉంచుకుని నడవాలా అన్న ఆలోచన నూకరత్నానికి రానే లేదు. అన్న కోసం నడిచే నడకలో అన్నకి చెందకుండా పోయేదేముంటుంది? పున్నమి రోజు పాల పని ఇంకొకరికి అప్పగించి, తెల్లవారుజామున కొండ మెట్ల మొదట్లో ఉన్న తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, పసుపు చీర కొంగు దోపుకుని, జనంలో కలిసింది. సన్నగా తుంపర పడుతోంది. నడుం మీద అన్న గుండె కొట్టుకుంటోంది.

అదే రోజు పొద్దున హైమవతి హైదరాబాద్‌లో, పెద్ద సభలో, దేశం నలుమూలల నుంచి వచ్చిన గుండె వైద్యుల ముందు నిలబడి ఉంది. ఆమె చూపిస్తున్నది ఆ గీతే. మాట్లాడుతుండగానే బల్ల మీద ఫోన్ వెలిగింది. ప్రయోగశాలలో తెరలు చూసుకునే ఇంజనీరు ఫణీంద్ర పంపిన కబురు. పదకొండో జంట ఇవాళ రికార్డు కొట్టిందట. ఇరవై కిలోమీటర్లు దాటారట, గుండె వేగం నూట ఒకటి దగ్గర నిలకడగా ఉందట, హద్దు నూట అయిదు కాబట్టి అన్ని దీపాలూ పచ్చగానే ఉన్నాయట.

హైమవతికి గర్వం ఆగలేదు. ప్రయోగశాల తెరని అక్కడికక్కడే సభ తెర మీదికి తెప్పించింది. ఇక్కడ మీరు చూస్తున్నది ఆరువందల కిలోమీటర్ల అవతల ఇంట్లో కూర్చున్న ఒక రోగి గుండె అనీ, అది ఇరవై కిలోమీటర్లు నడిచిందనీ చెప్పింది. మూడు నెలల కిందట ఆ మనిషి పది అడుగులు వెయ్యలేకపోయేవాడని కూడా చెప్పింది. చప్పట్లు మోగాయి. కొందరు లేచి నిలబడ్డారు.

మూడో వరసలో ఒక ముసలి డాక్టరు చెయ్యెత్తాడు.

"ఆవిడ ఇవాళ అంత దూరం ఎందుకు నడుస్తోందమ్మా?"

"ప్రేమ, సార్" అంది హైమవతి. "ప్రేమకి మోతాదు రాసే పద్ధతి మేమింకా కనిపెట్టలేదు."

సభ గొల్లుమంది. ముసలాయన కూడా నవ్వి చెయ్యి దించేశాడు. ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. రత్నంగారూ ఎక్కడున్నారు, ఎందుకు నడుస్తున్నారు అని అడగడానికి అర నిమిషం పట్టేది. తర్వాతి రోజుల్లో హైమవతి ఆ అర నిమిషాన్ని ఎన్నిసార్లు తలుచుకుందో లెక్కలేదు. ఆ నవ్వులు మాత్రం ఆమెకి చెవుల్లోంచి పోలేదు.

మల్కాపురంలో సన్యాసిరావు వాకిట్లో మంచం మీద కూర్చుని టీవీలో ప్రదక్షిణ చూస్తున్నాడు. జనంలో చెల్లెలు కనిపిస్తుందేమోనని వెతుకుతున్నాడు. పదకొండు దాటాక చెమటలు పట్టడం మొదలైంది. పన్నెండున్నరకి తువ్వాలు తడిసిపోయింది. పక్కింటి వరాలమ్మ విసనకర్ర తెచ్చి విసురుతూ, మెళ్లో వేలాడుతున్న ఎర్ర బటన్ నొక్కమంది. అది ఆపే బటన్. నొక్కితే బిళ్ల ఆగిపోతుంది, అవతల పట్టీ ఈల వేస్తుంది. నడిచే మనిషి వెంటనే ఆగాలని ఆ ఈల హైమవతే పెట్టించింది.

సన్యాసిరావు బటన్ మీద వేలు పెట్టి, తీసేశాడు. నొక్కితే నూకరత్నం నడుం దగ్గర పట్టీ గోల పెట్టేస్తుందనీ, అన్నకి ఏదో అయిపోయిందనుకుని మొక్కు మధ్యలో వదిలేసి పరిగెత్తుకొచ్చేస్తుందనీ చెప్పాడు. ఇంకెంత, ఏడెనిమిది కిలోమీటర్లే కదా అన్నాడు. వరాలమ్మ తనే నొక్కబోతే ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆగు వరాలమ్మా. నా కోసం అది నడుస్తంటే, దాని కోసం నేనింత సేపు కూకోలేనా?"

ఒంటిగంటా పది నిమిషాలకి అతని గుండె గతి తప్పింది. తర్వాత ఆగిపోయింది. అంబులెన్స్ వచ్చేసరికి అయిపోయింది. ప్రదక్షిణ కోసం రోడ్లు మూసేసినందువల్ల అది చుట్టూ తిరిగి రావాల్సొచ్చింది.

ఆ సాయంత్రం విమానంలో హైమవతి ఫణీంద్ర పంపిన అంకెలు చూసింది. వేగం ఒక్కసారి కూడా హద్దు దాటలేదు. నూకరత్నం నెమ్మదిగానే నడిచింది. నెమ్మదిగా, ఎనిమిది గంటల పాటు. హైమవతి వేగానికి హద్దు పెట్టింది గానీ ఎంతసేపన్నదానికి పెట్టలేదు. గంట నడకతో బలపడే గుండె ఎనిమిది గంటల నడకకి అరిగిపోతుందని వైద్యం మొదటి ఏడాది విద్యార్థి కూడా చెప్పగలడు. ఎవరైనా ఎనిమిది గంటలు ఆపకుండా నడుస్తారని మాత్రం ఆమె ఊహించలేదు. తండ్రి కుర్చీ గుర్తొచ్చింది. అప్పుడు కూర్చోబెట్టి చంపాం, ఇప్పుడు నడిపించి చంపాను అనుకుంది. పక్క సీటులో ఆవిడ మంచినీళ్లు కావాలా అని అడిగేదాకా తను ఏడుస్తున్నట్టు ఆమెకి తెలియలేదు.

అయిదో రోజు మల్కాపురం వెళ్లింది. నూకరత్నం అన్న మంచం ఎత్తి గోడకి చేరేసి, ఆ ఖాళీలో కింద కూర్చుని ఉంది. పాదాలు బొబ్బలెక్కి ఇంకా మానలేదు. హైమవతిని చూసి లేవబోతే హైమవతే ఆమె పక్కన నేల మీద కూర్చుంది. తర్వాత నూకరత్నం లోపలికెళ్లి తుండుగుడ్డలో చుట్టిన పట్టీ తెచ్చి హైమవతి ఒళ్లో పెట్టింది.

"మాధవధార కాడికి వచ్చేసరికి, ఇంకో ఆరు కిలోమీటర్లున్నాదనగా, నడుం మీద కొట్టుకోడం ఆగిపోయినాదమ్మా. ఛార్జింగ్ అయిపోయినాదనుకున్నాను. పట్టీ ఆగితే ఏటి, మొక్కు మొక్కే కదా అని మిగతాది నడిచీసాను. అప్పుడే ఆపీసాను దీన్ని, మళ్లీ ముట్టలేదు. ఛార్జింగ్ ఎంతుందో చూసి చెప్పండి."

అబద్ధం చెప్పడానికి హైమవతి ఇంటి దగ్గర్నుంచి సిద్ధపడే వచ్చింది. రోగం ముదిరిపోయిందనో, ఎప్పుడైనా జరగాల్సిందేననో చెప్పొచ్చు. ప్రయోగశాల పెద్దలు ఆమెకి అదే సలహా ఇచ్చారు. కానీ ఆ ఆడమనిషి తన కళ్లలోకే చూస్తోంది. హైమవతి పట్టీ మీద బొటనవేలు నొక్కింది. ఛార్జింగ్ చూపించే ఆరు దీపాల్లో నాలుగు వెలిగాయి.

నూకరత్నం ఆ దీపాల్ని చూసింది. చూసి, అవి ఆరిపోయేదాకా చూస్తూనే ఉంది.

"అయితే ఆరు కిలోమీటర్లు నేను ఉత్తినే నడిచాను" అంది.

తప్పు మీది కాదని హైమవతి చెప్పింది. ఆ గీత గీసింది తనేనని, ఎంత నడిస్తే అంత మంచిదన్న మాట అన్నది తనేనని, ఆ మాట తనకి తెలిసి అన్నది కాదని, సంతోషంలో నోరు జారానని అంతా చెప్పింది. సభలో చప్పట్ల సంగతి కూడా దాచలేదు. అదెందుకు చెప్పిందో ఆమెకే తెలియదు. తిట్టించుకోవాలని ఉంది. నూకరత్నం తిట్టలేదు.

"మీరు చెప్పిందల్లా విన్నానమ్మా. పట్టీ తియ్యొద్దన్నారు, తియ్యలేదు. నడవమన్నారు, నడిచాను. మీరే నన్నేటీ అడగలేదు. అడిగుంటే మొక్కున్నాదని చెప్పీదాన్ని."

పటం పక్కన ఆ కాగితం ఇంకా అంటించే ఉంది. వెళ్లేటప్పుడు దాన్ని తీసేయనా అని అడిగింది. ఉంచండమ్మా, అందులో మా అన్న బాగున్నాడు అంది నూకరత్నం.

విచారణ జరిగింది. నియమాలన్నీ పాటించారని, ఎవరి తప్పూ లేదని కాగితం మీద తేలింది. పట్టీలకి ఇంతసేపేనని హద్దు పెట్టారు. నలభై నిమిషాలు దాటితే దానంతటదే ఆగిపోతుంది, ఈల వెయ్యదు. హైమవతి మిగిలిన ముప్పై తొమ్మిది ఇళ్లకీ తనే స్వయంగా వెళ్లి, నడిచేవాళ్ల దగ్గర కూర్చుని, ఏ దేవుడికైనా ఏమైనా మొక్కుకున్నారా అని అడిగింది. ఇరవై రెండు మంది మొక్కు ఉందన్నారు. తిరుమల మెట్లు ఎక్కుతామన్నవాళ్లు, శ్రీశైలం నడిచి వెళ్తామన్నవాళ్లు, గుడి చుట్టూ నూట ఎనిమిది ప్రదక్షిణలు అన్నవాళ్లు. ఒకాయన వేళాంగణి దాకా నడుస్తానని మేరీమాతకి మొక్కాడు. అందరూ పట్టీతోనే వెళ్దామనుకున్నవాళ్లే. ముప్పై తొమ్మిది గుండెలూ ఆ ఏడాది బలపడ్డాయి. ఆ ఫలితాల పట్టికలో పదకొండో వరస ఎదురుగా ఒక చిన్న గీత మాత్రం ఉంటుంది.

మరుసటి ఆషాఢ పున్నమి రోజు పొద్దున్నే హైమవతి చెప్పులు కారులో వదిలేసి ప్రదక్షిణ దారిలో వెంకోజీపాలెం దగ్గర రోడ్డు పక్కన నిలబడింది. గంటన్నర నిలబడ్డాక జనంలో పసుపు చీర కనిపించింది. నూకరత్నం ఒంటరిగా నడుస్తోంది. పట్టీ లేదు. కుడి చెయ్యి మాత్రం నడుం మీద, పట్టీ ఉండాల్సిన చోట ఆనించి ఉంది. మరీ నెమ్మదిగా నడుస్తోంది. కర్ర పట్టుకున్న ముసలివాళ్లు కూడా ఆమెని దాటిపోతున్నారు. వెనకొచ్చేవాళ్లు విసుక్కుని పక్కకి తప్పుకుంటున్నారు.

హైమవతి ఆమె పక్కన చేరింది. నూకరత్నం చూసి తలూపిందే గానీ ఆగలేదు. కొంతదూరం ఇద్దరూ కలిసి నడిచారు. ఈసారి హైమవతి అడిగింది.

"ఎందుకు రత్నంగారూ, ఇంత నెమ్మదిగా నడుస్తున్నారు?"

నూకరత్నం నడుం మీది చెయ్యి తియ్యకుండానే జవాబు చెప్పింది.

"అన్నకి ఆయాసం వస్తాదమ్మా."

హైమవతి కూడా అడుగు తగ్గించి ఆమెతో పాటు నడిచింది.